నస్రీన్ సొతూదే

నస్రీన్ సొతూదే (జననం: 1963 మే 30, టెహ్రాన్) ఇరాన్ న్యాయవాది, మానవ హక్కుల కార్యకర్త. రాజకీయ ఖైదీలు, పత్రికా రచయితలు, పద్దెనిమిదేళ్లు నిండకముందు చేసిన నేరాలకు ఉరిశిక్ష పడినవారు, నిర్బంధ హిజాబ్‌ను ఎదిరించిన స్త్రీలు ఆమె కక్షిదారులు. వీళ్ల తరఫున వకాల్తా పుచ్చుకున్నందుకు 2010లో ఒకసారి, 2018లో ఇంకోసారి ఆమెను జైల్లో పెట్టారు. రెండో కేసులో పడిన శిక్షలకు అంతకుముందు పరోక్షంలో పడిన ఐదేళ్లు కలిపితే 38 సంవత్సరాల ఖైదు, 148 కొరడా దెబ్బలు. ప్రభుత్వం కోర్టు ముందు పెట్టిన ఆధారాలను విడమరిచి చూస్తే అందులో చాలావరకు కనిపించేది ఒక వకీలు రోజూ చేసే పనే. కక్షిదారు గురించి విలేకరులకు చెప్పడం, హక్కుల సంఘంలో సభ్యురాలిగా ఉండడం, తన వకీలును తానే ఎంచుకునే హక్కు నిందితుడికి ఉందని పట్టుబట్టడం అక్కడ నేరాలుగా నమోదయ్యాయి. న్యాయవాద వృత్తినే నేరంగా ఎలా మార్చవచ్చో తెలుసుకోవాలంటే ఆమె కేసు కాగితాలు చదివితే చాలు.

తొలినాళ్లు

మతనిష్ఠ గల మధ్యతరగతి కుటుంబంలో పుట్టిన సొతూదేకు తత్త్వశాస్త్రం చదవాలని ఉండేది. జాతీయ ప్రవేశ పరీక్షలో 53వ ర్యాంకు వచ్చినా ఆ సీటు దొరకలేదు. టెహ్రాన్‌లోని షహీద్ బెహెష్తి విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రంలో చేరి, అక్కడే అంతర్జాతీయ న్యాయశాస్త్రంలో మాస్టర్స్ పట్టా పొందారు. గృహనిర్మాణ మంత్రిత్వ శాఖ న్యాయ విభాగంలో ఉద్యోగం మొదలుపెట్టి, రెండేళ్లకు ప్రభుత్వ రంగంలోని తెజారత్ బ్యాంకుకు మారారు. 1981 నాటి అల్జీర్స్ ఒప్పందం ప్రకారం అమెరికాతో ఉన్న వివాదాలు హేగ్‌లో విచారణకు వచ్చినప్పుడు, ఇరాన్ పక్షాన వాదనలు తయారు చేయడంలో ఆమె పాలుపంచుకున్నారు. తర్వాతి కాలంలో ఆమెపై జాతీయ భద్రతకు శత్రువని ముద్ర వేసిన రాజ్యానికే ఒకప్పుడు ఆమె వకీలు.

బ్యాంకు ఉద్యోగంతో పాటు పత్రికా రచన కూడా సాగింది. దరీచే అనే పత్రిక కోసం అంతర్జాతీయ మహిళా దినోత్సవ సందర్భంగా ఆమె ఇంటర్వ్యూలు, నివేదికలు, వ్యాసాలు సేకరించి ఇస్తే సంపాదకుడు వాటిని తిరస్కరించాడు. స్త్రీల హక్కుల మీద ఆమె పట్టుదల దాంతో మరింత పెరిగింది. 1995లో బార్ పరీక్ష ప్యాసయ్యారు. సన్నదు మాత్రం 2003లో గానీ చేతికి రాలేదు. ఆ ఎనిమిదేళ్లూ నల్లకోటు లేకుండానే గడిచాయి. గ్రాఫిక్ డిజైనర్ రెజా ఖందాన్‌తో ఆమెకు పెళ్లయింది. వారికి ఒక కూతురు, ఒక కొడుకు.

కక్షిదారులు

సన్నదు వచ్చిన 2003లోనే షిరీన్ ఎబాదికి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఇరాన్‌లో తొలి మహిళా న్యాయమూర్తుల్లో ఒకరైన ఎబాదిని 1979 విప్లవం తర్వాత, స్త్రీలు తీర్పు చెప్పకూడదన్న కారణంతో పదవి నుంచి తప్పించారు. ఆమె అబ్దుల్‌ఫత్తాహ్ సొల్తానీ, మొహమ్మద్ సీఫ్‌జాదే, మొహమ్మద్ అలీ దాద్‌ఖా వంటి వకీళ్లతో కలిసి మానవ హక్కుల పరిరక్షకుల కేంద్రాన్ని నడిపారు. రాజకీయ ఖైదీల కేసులు ఉచితంగా వాదించడం, ఖైదీల కుటుంబాలకు అండగా నిలవడం, హక్కుల ఉల్లంఘనలపై నివేదికలు ప్రకటించడం ఈ కేంద్రం పని. సొతూదే ఇందులో చేరారు. 2008 డిసెంబరులో అధికారులు ఈ కేంద్రం కార్యాలయాన్ని మూసేశారు. తర్వాతి సంవత్సరాల్లో అందులోని సభ్యత్వమే సభ్యుల మీద పెట్టిన కేసుల్లో ఒక అభియోగమైంది.

2006 జూన్‌లో టెహ్రాన్‌లోని హఫ్తె తీర్ కూడలి దగ్గర స్త్రీల హక్కుల కోసం జరిగిన ప్రదర్శనను పోలీసులు చెదరగొట్టారు. ఆ ఆగస్టులో వివాహం, విడాకులు, వారసత్వం, సాక్ష్యం విషయాల్లో స్త్రీల పట్ల వివక్ష చూపే చట్టాలు మార్చాలని పది లక్షల సంతకాల ఉద్యమం మొదలైంది. ఇంటింటికీ తిరిగి సంతకాలు సేకరించిన యువతులు ఒక్కొక్కరే అరెస్టయ్యారు. పర్వీన్ అర్దలాన్‌తో సహా వారిలో చాలామంది తరఫున సొతూదే వాదించారు. షిరీన్ ఎబాది, పాత్రికేయుడు ఈసా సహర్‌ఖీజ్, రాజకీయ కార్యకర్త హెష్మత్ తబర్‌జది కూడా ఆమె కక్షిదారులే. 2008లో ఇటలీ సంస్థ ఒకటి ఆమెకు మానవ హక్కుల పురస్కారం ప్రకటిస్తే దేశం దాటనివ్వలేదు. తలకు ముసుగు లేకుండా రికార్డు చేసిన సందేశాన్ని పంపారని దానికీ జరిమానా వేశారు.

బాల్యంలో చేసిన నేరాలకు ఉరిశిక్ష పడినవారి కేసులు ఇంకో భాగం. ఇరాన్ 1994లో ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందాన్ని ఆమోదించింది. పద్దెనిమిదేళ్లలోపు చేసిన నేరానికి మరణశిక్ష వేయకూడదని ఆ ఒప్పందం స్పష్టంగా చెబుతుంది. అయినా ఇరాన్ కోర్టులు అలాంటి శిక్షలు వేస్తూనే వచ్చాయి. నేరం జరిగే నాటికి బాలుడైనవాడిని వయసు వచ్చేదాకా జైల్లో ఉంచి, ఆ తర్వాత ఉరి తీసిన సందర్భాలు ఉన్నాయి. ఈ కేసుల్లో వకీలు రెండు చోట్ల పోరాడాలి. ఒకటి కోర్టు. రెండోది హతుడి కుటుంబం ఇల్లు. ఇరాన్ చట్టంలో హత్యకు ప్రతీకార శిక్ష కోరే హక్కు, క్షమించే హక్కు ఆ కుటుంబానిదే కాబట్టి వాళ్ల గుమ్మం ముందు నిలబడి క్షమాభిక్ష అడగడమూ వకాల్తాలో భాగమవుతుంది.

2009 జూన్ అధ్యక్ష ఎన్నికల్లో అప్పటి అధ్యక్షుడు అహ్మదీనెజాద్ గెలిచారని ప్రకటించగానే, ఓట్లలో మోసం జరిగిందని లక్షల మంది వీధుల్లోకి వచ్చారు. హరిత ఉద్యమంగా పేరు పడిన ఆ నిరసనలను అణచడంలో వేల మంది అరెస్టయ్యారు. ఆగస్టు నుంచి సామూహిక విచారణలు మొదలయ్యాయి. జైలు దుస్తుల్లో వరుసలుగా కూర్చోబెట్టిన నిందితులు నేరం ఒప్పుకుంటున్న దృశ్యాలను ప్రభుత్వ టెలివిజన్ చూపించింది. వారిలో ఒకరు ఆరష్ రహ్మానీపూర్. ఎన్నికల తర్వాతి అల్లర్లకు బాధ్యులని చెబుతూ నడిపిన విచారణలో ఆయనను నిలబెట్టారు గానీ, ఆయన అరెస్టయింది ఏప్రిల్‌లో, అంటే ఎన్నికలకు ముందే. ఆయన వకీలు సొతూదే. విచారణ గదిలోకి ఆమెను రానివ్వలేదు. 2010 జనవరి 28న ఇరవై ఏళ్ల ఆరష్‌ను ఉరి తీశారు. ముందుగా ఆమెకు గానీ కుటుంబానికి గానీ కబురు లేదు. ఆమె ఈ విషయాలన్నీ విలేకరులకు చెప్పారు. నేరం ఒప్పుకోకపోతే కుటుంబ సభ్యులను వదలబోమని ఆరష్‌ను బెదిరించారని కూడా చెప్పారు. ఆమె అరెస్టుకు దారి తీసిన కారణాల్లో ఈ మాటలు ఒకటి.

కోర్టు నిర్మాణం

ఇరాన్ రాజ్యాంగం 35వ అధికరణం ప్రకారం అన్ని కోర్టుల్లోనూ కక్షిదారులకు వకీలును ఎంచుకునే హక్కు ఉంది, స్తోమత లేనివారికి రాజ్యం వకీలును ఏర్పాటు చేయాలి. 168వ అధికరణం రాజకీయ, పత్రికా నేరాలను జ్యూరీ సమక్షంలో బహిరంగంగా విచారించాలంటుంది. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికను ఇరాన్ 1975లోనే ఆమోదించింది. కాగితం మీద ఇన్ని ఉన్నా, ఆచరణలో ఇవి పని చేయకుండా చేసే దారి ఒకటుంది. రాజకీయ నేరాన్ని రాజకీయ నేరం అనకుండా జాతీయ భద్రతకు విరుద్ధమైన నేరమంటే చాలు. ఆ కేసు 1979లో ఏర్పడిన విప్లవ న్యాయస్థానాలకు వెళుతుంది. అక్కడ జ్యూరీ ఉండదు, తలుపులు తరచుగా మూసే ఉంటాయి. దర్యాప్తు దశలో నిందితుడికి వకీలు దొరకడం చాలా కష్టం. ఒప్పుకోలు వాంగ్మూలాలు తీసుకునేది సరిగ్గా ఆ దశలోనే.

2015లో అమల్లోకి వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 48వ అధికరణానికి జోడించిన ఒక అనుబంధం ఈ ఆటంకాన్నే చట్టంగా మార్చింది. భద్రతా కేసుల్లో దర్యాప్తు ముగిసేదాకా, న్యాయవ్యవస్థ అధిపతి ఆమోదించిన జాబితాలోంచే నిందితుడు వకీలును ఎంచుకోవాలి. వేల మంది న్యాయవాదులున్న టెహ్రాన్ రాష్ట్రానికి 2018 జూన్‌లో ఆ జాబితా వెలువడింది. అందులో ఉన్నవి ఇరవై పేర్లు. మానవ హక్కుల కేసులు వాదించే వారెవరూ అందులో లేరు.

ఇలాంటి మినహాయింపు మన దగ్గరా ఉంది. భారత రాజ్యాంగం 22వ అధికరణం అరెస్టయిన వ్యక్తికి తనకు నచ్చిన వకీలును సంప్రదించే హక్కు ఇస్తూనే, ముందస్తు నిర్బంధ చట్టాల కింద పట్టుబడిన వారిని ఆ హక్కు నుంచి మినహాయించింది. హక్కుల న్యాయవాదులు కె.జి. కన్నబిరాన్, కె. బాలగోపాల్ వాదించిన కేసుల గురించి తెలిసిన తెలుగు పాఠకులకు ఈ మినహాయింపుల బరువు కొత్తగా చెప్పనక్కరలేదు. హక్కు ఇచ్చే వాక్యం కంటే దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్న షరతే ఖైదీ తలరాతను నిర్ణయిస్తుంది.

న్యాయవాదుల సంఘం పరిస్థితి కూడా ఇందులో భాగమే. 1953 ఫిబ్రవరిలో ప్రధాని మొసద్దెక్ హయాంలో ఇరాన్ బార్ ప్రభుత్వం చేతి కింద నుంచి బయటపడి స్వతంత్ర సంస్థ అయింది. విప్లవం తర్వాత దాని ఎన్నికలు ఆగిపోయి, ప్రభుత్వం నియమించిన అధికారుల చేతికి వెళ్లింది. 1997లో మళ్లీ ఎన్నికలకు దారి తెరిచిన చట్టమే, బోర్డుకు పోటీ చేసే అభ్యర్థులను వడపోసే అధికారాన్ని న్యాయమూర్తుల క్రమశిక్షణ కోర్టుకు ఇచ్చింది. 2000లో మూడో అభివృద్ధి ప్రణాళిక చట్టంలోని 187వ అధికరణం కింద, బార్‌తో సంబంధం లేకుండా న్యాయవ్యవస్థే నేరుగా సన్నదులిచ్చే ఇంకో వకీళ్ల వర్గం తయారైంది. సొతూదేకు వృత్తిలో అండగా నిలబడాల్సిన సంస్థ అప్పటికే రెక్కలు తెగి ఉంది.

మొదటి నిర్బంధం, 2010–2013

2010 ఆగస్టు చివర్లో ఆమె ఇల్లు, కార్యాలయం సోదా చేశారు. సెప్టెంబరు 4న పిలిపించి అరెస్టు చేసి ఎవిన్ జైలుకు పంపారు. టెహ్రాన్ ఉత్తర శివారులో, అల్బొర్జ్ కొండల పాదం దగ్గర, విప్లవానికి ముందు షా పాలనలో కట్టిన ఎవిన్, అప్పటి నుంచీ రాజకీయ ఖైదీల జైలుగానే పేరు మోసింది. మొదటి నెలలు ఏకాంత నిర్బంధంలో గడిచాయి. ములాఖత్‌లు, ఫోన్ మాటలు నిరాకరించినందుకు ఆమె ఆ శరదృతువులోనే నిరాహార దీక్షలు చేశారు. 2011 జనవరిలో విప్లవ న్యాయస్థానం 11 సంవత్సరాల ఖైదు, 20 సంవత్సరాలు వకాలత్ చేయకుండా, దేశం విడిచి వెళ్లకుండా నిషేధం విధించింది. అభియోగాలు మూడు: జాతీయ భద్రతకు వ్యతిరేకంగా పనిచేయడం, ప్రభుత్వ వ్యతిరేక ప్రచారం, మానవ హక్కుల పరిరక్షకుల కేంద్రంలో సభ్యత్వం. అదే నెల 29న ఆమె పూర్వ కక్షిదారు, ఇరాన్‌తో పాటు నెదర్లాండ్స్ పౌరసత్వం కూడా ఉన్న జహ్రా బహ్రామీని ఉరి తీశారు. నిరసన ప్రదర్శనలో అరెస్టయిన ఆమెను చివరికి మాదకద్రవ్యాల కేసులో ఉరికంబం ఎక్కించారు. వకీలు అప్పటికే జైల్లో ఉన్నారు.

అప్పీలు కోర్టు ఆ సెప్టెంబరులో శిక్షను ఆరేళ్లకు, వృత్తి నిషేధాన్ని పదేళ్లకు తగ్గించింది. జైల్లో కాగితాలు ఇవ్వకపోతే ఆమె టిష్యూ కాగితాల మీద ఇంటికి ఉత్తరాలు రాశారు. ఖైదీ మీద ఒత్తిడి తేవడానికి కుటుంబాన్ని పట్టుకునే పద్ధతి ఇక్కడా కనిపిస్తుంది. పన్నెండేళ్ల కూతురు దేశం దాటకూడదని ఆంక్ష పెట్టారు. దానికి నిరసనగా 2012 అక్టోబరు 17న ఆమె మొదలుపెట్టిన దీక్ష 49 రోజులు సాగింది. నీళ్లు, ఉప్పు, చక్కెర తప్ప ఏమీ ముట్టలేదు. పార్లమెంటు సభ్యులు కొందరు కల్పించుకున్నాక డిసెంబరు 4న ఆంక్ష ఎత్తేశారు, ఆమె దీక్ష విరమించారు. ఆ దీక్ష నడుస్తుండగానే ఐరోపా పార్లమెంటు ఆమెకూ, దర్శకుడు జాఫర్ పనాహీకీ కలిపి ఆ యేటి సఖరోవ్ పురస్కారం ప్రకటించింది.

2013 సెప్టెంబరు 18న మరికొందరు రాజకీయ ఖైదీలతో పాటు ఆమెను విడుదల చేశారు. కొత్త అధ్యక్షుడు హసన్ రూహానీ ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో ప్రసంగించడానికి కొద్ది రోజుల ముందు ఇది జరిగింది.

బార్ కార్యాలయం ముందు

విడుదలయ్యాక ఆమె వృత్తిలోకి తిరిగి రావాలని చూశారు. 2014 అక్టోబరులో బార్ క్రమశిక్షణ కోర్టు మూడేళ్లు సన్నదు రద్దు చేసింది. ఆమె దాన్ని ఇంట్లో కూర్చుని భరించలేదు. టెహ్రాన్‌లో బార్ కార్యాలయం ముందు, పని చేసే హక్కు, భిన్నాభిప్రాయ హక్కు కావాలని రాసిన అట్ట పట్టుకుని రోజూ నిలబడ్డారు. ఖైదీల కుటుంబాల వాళ్లు, రచయితలు, తోటి వకీళ్లు వచ్చి పక్కన నిలబడేవారు. నెలల తరబడి సాగిన ఈ నిరసన వల్ల నిషేధం తొమ్మిది నెలలకు తగ్గింది. విప్లవ న్యాయస్థానంతో పోరాడటం కంటే సొంత వృత్తి సంఘంతో పోరాడటం ఆమెకు ఎక్కువ బాధ కలిగించి ఉంటుందని ఊహించడం కష్టం కాదు.

ఆ రోజుల్లోనే పనాహీ తీసిన టాక్సీ చిత్రంలో ఆమె తన పాత్రలోనే కనిపించారు. చేతిలో ఎర్ర గులాబీలతో టాక్సీ ఎక్కి, వాలీబాల్ మ్యాచ్ చూడబోయి అరెస్టయిన ఒక యువతి గురించి మాట్లాడతారు. సినిమాలు తీయకూడదన్న నిషేధం కింద ఉన్న దర్శకుడు, వకాలత్ చేయకూడదన్న నిషేధం కింద ఉన్న వకీలు ఒకే కారులో కూర్చున్న ఆ చిత్రానికి 2015 బెర్లిన్ చిత్రోత్సవంలో గోల్డెన్ బేర్ వచ్చింది.

రెండో అరెస్టు, 2018

2017 డిసెంబరు 27న టెహ్రాన్‌లోని ఎంగెలాబ్ వీధిలో, అంటే విప్లవ వీధిలో, ఒక యువతి విద్యుత్ సామగ్రి పెట్టె ఎక్కి తన తెల్ల ముసుగును కర్రకు కట్టి ఊపింది. ఆమె పేరు వీదా మొవహెద్ అని, ఆమె ఎక్కడుందో తెలియడం లేదని బయటి ప్రపంచానికి చెప్పినవారిలో సొతూదే ఒకరు. తర్వాతి వారాల్లో అనేకమంది అదే పని చేశారు. విప్లవ వీధి అమ్మాయిలని వాళ్లకు పేరొచ్చింది. నర్గెస్ హొసేనీ, షాపరక్ షజరీజాదే వంటి వారి కేసులు సొతూదే తీసుకున్నారు. 2018 జూన్‌లో ఇరవై మంది వకీళ్ల జాబితా రాగానే దాన్ని బహిరంగంగా విమర్శించారు. జూన్ 13న ఇంటి దగ్గర ఆమెను అరెస్టు చేశారు. ఆమె కోర్టులో లేకుండానే ఐదేళ్ల శిక్ష ఎప్పుడో పడిందన్న సంగతి అప్పుడు తెలిసింది.

కొత్త కేసులో ఏడు అభియోగాలు మోపారు. వాటికి చూపిన ఆధారాలేమిటో అమ్నెస్టీ ఇంటర్నేషనల్ బయటపెట్టింది. నిర్బంధ హిజాబ్‌ను వ్యతిరేకించడం, జైలుకు కక్షిదారులను చూడడానికి వెళ్లినప్పుడు తలమీది ముసుగు తీయడం, ఆ యువతుల అరెస్టు గురించి పత్రికలకు ఇంటర్వ్యూలివ్వడం, ఒక యువతిని పోలీసులు ఈడ్చిన చోట పూలు ఉంచడం, మరణశిక్షను అంచెలంచెలుగా రద్దు చేయాలని కోరే లెగాం సంస్థలో ఉండడం, టెహ్రాన్‌లోని ఐక్యరాజ్యసమితి కార్యాలయం ముందు శాంతియుత సభలో పాల్గొనడం. వీటన్నిటిలో పెద్ద శిక్ష, 12 సంవత్సరాలు, అవినీతిని, వ్యభిచారాన్ని ప్రోత్సహించారన్న అభియోగానికి పడింది. ముసుగు తీసిన స్త్రీ తరఫున వాదించడాన్ని ఆ కోర్టు చదివిన తీరు ఇది.

2018 డిసెంబరులో విచారణ జరిగినప్పుడు, తనకు నచ్చిన వకీలును పెట్టుకోనివ్వలేదు కాబట్టి సొతూదే హాజరు కాలేదు. విప్లవ న్యాయస్థానం 28వ శాఖ న్యాయమూర్తి మొహమ్మద్ మొఘిసే ఆమె పరోక్షంలోనే తీర్పు రాశారు. 2019 మార్చిలో అది బయటికి వచ్చింది: 33 సంవత్సరాలు, 148 కొరడా దెబ్బలు. పాత ఐదేళ్లు కలిపితే 38. న్యాయమూర్తి మాత్రం ప్రభుత్వ వార్తా సంస్థకు ఏడేళ్లేనని చెప్పడంతో గందరగోళం ఏర్పడింది. 2013 నాటి శిక్షాస్మృతి 134వ అధికరణం ప్రకారం, అభియోగాలు మూడుకు మించితే ఒక్కొక్కదానికీ గరిష్ఠ పరిమితి మీద సగం దాకా అదనంగా శిక్ష వేయవచ్చు గానీ, అనుభవించాల్సింది వాటిలో పెద్దదాన్నే. అందువల్ల ఈ కేసులో ఆమె గడపాల్సిన కాలం 12 సంవత్సరాలు. ఈ తీర్పు మీద ఆమె అప్పీలు చేయలేదు. అన్యాయమైన విచారణకు అప్పీలుతో గౌరవం తేవడం ఆమెకు ఇష్టం లేదు.

ఆమె జైల్లో ఉండగానే 2018 సెప్టెంబరులో భర్త రెజా ఖందాన్‌ను కూడా అరెస్టు చేశారు. భార్య కేసు వివరాలు ఫేస్‌బుక్‌లో రాయడం, నిర్బంధ హిజాబ్‌కు నేను వ్యతిరేకం అన్న బ్యాడ్జీలు తయారు చేయడం ఆయన మీద నేరాలు. బ్యాడ్జీల కేసులో వైద్యుడు ఫర్హాద్ మెయ్‌సమీ కూడా జైలు పాలయ్యారు. 2019 జనవరిలో ఖందాన్‌కు ఆరేళ్ల శిక్ష పడింది. అప్పటికి ఆయన బెయిలు మీద బయటే ఉన్నారు.

కొవిడ్ కాలం

2020లో కొవిడ్ వ్యాపించినప్పుడు ఇరాన్ వేల మంది ఖైదీలకు తాత్కాలిక సెలవు ఇచ్చింది. భద్రతా కేసుల్లో ఎక్కువ శిక్ష పడినవారిని అందులోంచి మినహాయించింది. కిక్కిరిసిన బారకుల్లో రాజకీయ ఖైదీలు మిగిలిపోయారు. వారిని వదలాలని సొతూదే ఆగస్టు 11న నిరాహార దీక్షకు కూర్చున్నారు. వారం రోజుల్లోపే ఆమె కూతురిని కూడా ఇంటి నుంచి తీసుకెళ్లి బెయిలు మీద వదిలారు. గుండె, ఊపిరితిత్తుల ఇబ్బందితో సొతూదేను ఆసుపత్రికి తరలించి మళ్లీ జైలుకు తెచ్చారు. సెప్టెంబరు చివర్లో ఆరోగ్యం క్షీణించి ఆమె దీక్ష ఆపారు. వైద్యులు గుండెకు పరీక్ష అవసరమన్నారు. అక్టోబరు 20న ఆసుపత్రికని చెప్పి ఎవిన్ నుంచి బయటికి తెచ్చి, టెహ్రాన్‌కు దక్షిణాన ఉన్న ఖర్చక్ మహిళా జైలుకు పంపారు. ఒకప్పటి కోళ్ల ఫారం ఆవరణలో ఉన్న ఆ జైలు మంచినీళ్లు, మురుగు, ఇరుకు విషయాల్లో ఎవిన్ కంటే హీనమని ఖైదీలు చెబుతారు. నవంబరు 7న తాత్కాలికంగా వదిలారు. కొవిడ్ సోకిందని తేలింది. డిసెంబరు 2న తిరిగి జైలుకు పిలిచారు. 2021 జూలైలో వైద్య సెలవు మీద బయటికి వచ్చారు. శిక్ష రద్దు కాలేదు, సెలవు మాత్రం పొడిగిస్తూ వచ్చారు.

తోటి వకీళ్లు

సొతూదే ఒక్కరి కథగా దీన్ని చదివితే సగమే అర్థమవుతుంది. ఎబాది 2009లో విదేశంలో ఉండగా స్వదేశంలో అణచివేత పెరగడంతో తిరిగి రాలేక ప్రవాసంలో ఉండిపోయారు. సొల్తానీని 2011 సెప్టెంబరులో అరెస్టు చేసి 18 ఏళ్లు శిక్ష వేశారు. అప్పీలులో అది 13 ఏళ్లకు తగ్గింది, 2018 నవంబరులో విడుదలయ్యారు. సీఫ్‌జాదే, దాద్‌ఖా కూడా జైలుకు వెళ్లారు. మానవ హక్కుల పరిరక్షకుల కేంద్రం ఉపాధ్యక్షురాలైన నర్గెస్ మొహమ్మదీ వృత్తిరీత్యా ఇంజనీరు. 2016లో ఆమెకు పడిన శిక్షలో పదేళ్లు లెగాం సంస్థను నడిపినందుకే. 2023 నోబెల్ శాంతి బహుమతి ఆమెకు ఎవిన్ జైల్లో ఉండగానే వచ్చింది. 2022 సెప్టెంబరులో పోలీసు నిర్బంధంలో ఉన్న మహ్సా అమీనీ అనే యువతి మరణం తర్వాత దేశమంతా నిరసనలు రేగినప్పుడు, అరెస్టయిన వారి తరఫున నిలబడబోయిన వకీళ్లు పదుల సంఖ్యలో జైలు పాలయ్యారు. ఇలా ఒక కేసులోని వకీలు తర్వాతి కేసులో నిందితుడు కావడం, అతనికి వాదించిన వకీలు ఆ తర్వాతి కేసులో నిందితుడు కావడం గొలుసుకట్టుగా సాగింది.

ఈ గొలుసును తెంచడానికి అంతర్జాతీయ న్యాయంలో సూత్రం లేకపోలేదు. 1990లో హవానాలో ఐక్యరాజ్యసమితి సదస్సు ఆమోదించిన న్యాయవాదుల పాత్ర గురించిన మౌలిక సూత్రాల్లో 18వది, వృత్తిధర్మం నెరవేర్చినందుకు వకీలును అతని కక్షిదారుతో గానీ కక్షిదారు ఆశయంతో గానీ ఒకటిగా చూడకూడదంటుంది. అయితే ఈ సూత్రాలకు ఒప్పందానికి ఉండే కట్టుబాటు లేదు. ఆ లోటు తీర్చేందుకు ఐరోపా మండలి 2025 మార్చిలో న్యాయవాద వృత్తి రక్షణ కోసం తొలి ఒడంబడికను ఆమోదించింది.

గుర్తింపు

సఖరోవ్ పురస్కారంతో పాటు 2011లో అమెరికన్ పెన్ సంస్థ రచనా స్వేచ్ఛ పురస్కారం, 2018లో లుదోవిక్ త్రారియో న్యాయవాదుల పురస్కారం, 2020లో రైట్ లైవ్లీహుడ్ పురస్కారం ఆమెకు వచ్చాయి. దర్శకుడు జెఫ్ కాఫ్‌మన్ తీసిన నస్రీన్ అనే డాక్యుమెంటరీ 2020లో విడుదలైంది. ఇరాన్‌లో దృశ్యాలను స్థానికులు ప్రాణాలకు తెగించి రహస్యంగా చిత్రీకరించి పంపారు. వారి పేర్లు చిత్రంలో వేయలేదు.

2021 తర్వాత

వైద్య సెలవులో ఉన్నా ఆమె మౌనంగా లేరు. టెహ్రాన్ మెట్రోలో 2023 అక్టోబరు 1న కుప్పకూలి కోమాలోకి వెళ్లిన అర్మీతా గెరావంద్ అనే టీనేజి విద్యార్థిని, ఆ నెల 28న చనిపోయింది. హిజాబ్ లేదని ఆమెను తోశారని హక్కుల సంఘాలు ఆరోపించగా అధికారులు కాదన్నారు. మర్నాడు బెహెష్తె జహ్రా శ్మశానంలో జరిగిన అంత్యక్రియలకు వెళ్లిన సొతూదేను ముసుగు లేదన్న కారణం చూపి అరెస్టు చేశారు. ఆ సందర్భంలో ఆమెను కొట్టారని భర్త చెప్పారు. నవంబరు 15న బెయిలు మీద వదిలారు.

2019లో ఆమెకు శిక్ష వేసిన న్యాయమూర్తి మొఘిసే, ఇంకో న్యాయమూర్తి అలీ రజీనీతో పాటు 2025 జనవరి 18న టెహ్రాన్‌లోని సుప్రీం కోర్టు భవనంలో తుపాకి కాల్పుల్లో చనిపోయారు. దానికి నెల రోజుల ముందు, 2024 డిసెంబరు 13న, రెజా ఖందాన్‌ను బ్యాడ్జీల కేసులోని పాత శిక్ష అమలు కోసం ఇంటి దగ్గర అరెస్టు చేసి ఎవిన్‌కు తీసుకెళ్లారు. 2025 జూన్ 23న ఇజ్రాయెల్ ఎవిన్ జైలు మీద బాంబులు వేసినప్పుడు ఆయన లోపలే ఉన్నారు. ఖైదీలు, ములాఖత్‌కు వచ్చిన కుటుంబ సభ్యులు, జైలు సిబ్బంది ఆ దాడిలో మరణించారు. మిగిలిన మగ ఖైదీలతో పాటు ఖందాన్‌ను టెహ్రాన్ మహానగర కారాగారానికి, స్త్రీలను ఖర్చక్‌కు తరలించారు. తమ వాళ్లను ఎక్కడ ఉంచారో, ఎలా ఉన్నారో చెప్పాలని బహిరంగంగా అడిగిన కుటుంబాల్లో సొతూదే కుటుంబం కూడా ఉంది.